మాతృకయు ప్రతియు: నలుపు తెలుపు ఛాయాచిత్ర ముద్రణ చరిత్ర

ఛాయాచిత్రమునకు రెండు జన్మములు కలవు. మొదటిది కెమెరాలో, రెండవది కాగితముపైన. వెలుగు సోకిన ఫిలుమును రసాయనములతో కడుగగా నెగెటివు సిద్ధమగును. అందు తెల్లని పంచె నల్లగాను, నల్లని జుట్టు తెల్లగాను కనబడును. దానిని చూచి యెవరును తమ తాతగారిని ఆనవాలు పట్టజాలరు. ఆ తారుమారైన వెలుగునీడలను మరల తారుమారు చేసి కాగితముమీద నిలిపినపుడే అది చిత్రమగును. మన పండితుల పరిభాషలో చెప్పవలెనన్న, నెగెటివు మాతృక. కాగితముపైని చిత్రము దానికి ప్రతి. తాళపత్ర గ్రంథములను పరిష్కరించువారికి మాతృక యెంత ముఖ్యమో, దానిని చూచి ప్రతి వ్రాసిన లేఖకుని నేర్పును, నిజాయితీయు అంత ముఖ్యములు. ఛాయాచిత్రముల విషయమునను ఇంతే.

ఈ ప్రతిని సిద్ధము చేయు విద్యకు వయస్సు నూట యెనుబది యేండ్లకు పైచిలుకు. అందు నూట యేబది యేండ్లపాటు వెండిదే రాజ్యము. ఇటీవలి మూడు దశాబ్దములలో చీకటిగది స్థానమున కంప్యూటరు, వెండి స్థానమున సిరా ప్రవేశించినవి. ఉద్యోగరీత్యా ఊరూరు తిరిగిన కుటుంబముల ట్రంకుపెట్టెలలో పెండ్లిండ్ల నెగెటివులు, ఉపనయనముల నెగెటివులు, పదవీవిరమణ సభల నెగెటివులు నేటికిని కాగితపు కవరులలో పడియున్నవి. వానిని అచ్చువేసి యిచ్చిన వీథిచివరి స్టూడియోలు పెక్కు మూతపడినవి. కావున ఆ నెగెటివులనుండి ప్రతులు తీయుట యెట్లు, ఆ ప్రతులు యెంతకాలము నిలుచును, అవి మాతృకకు యెంతవరకు విధేయములు అను ప్రశ్నలు పండితులకు మాత్రమే చెందినవి కావు.

నెగెటివు పుట్టుక

1839వ సంవత్సరమున ఫ్రాన్సు దేశీయుడగు డాగేరు పద్ధతి లోకమునకు వెల్లడియయ్యెను. వెండిపూత గల రాగిరేకుపై ఏర్పడు ఆ చిత్రము మిక్కిలి సూక్ష్మము, సుందరము. కాని దానికి నకలు లేదు. ఒక రేకునకు ఒకే చిత్రము. ఇంగ్లండులోని లేకాక్ గ్రామమున విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ అను భూస్వామి వేరొక త్రోవ త్రొక్కెను. 1835 ఆగస్టులో తన భవనపు కిటికీని ఆయన కాగితముపై పట్టిన నెగెటివు పెద్ద తపాలాబిళ్ళ యంతటిది. నేటికి నిలిచియున్న కెమెరా నెగెటివులలో అదియే మొదటిది. 1840లో ఆయన కనుగొని, 1841లో పేటెంటు పొందిన కాలోటైపు పద్ధతిలో ఒక కాగితపు నెగెటివునుండి పెక్కు ప్రతులు తీయుటకు వీలు కలిగెను. 'నెగెటివు', 'పాజిటివు' అను పేర్లను ఈ విద్యలో ప్రవేశపెట్టినవాడు ఖగోళశాస్త్రజ్ఞుడగు సర్ జాన్ హెర్షెల్. వెండి లవణములను కరగించు హైపో గుణమును 1819లోనే గుర్తించినవాడును ఆయనయే. ఆ గుణమే పిదప చిత్రమును స్థిరపరచుటకు ఆధారమయ్యెను.

కాగితపు నెగెటివునుండి తీసిన ప్రతిలో కాగితపు పోగులు కూడ కనబడుచుండెను. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ కొలోడియను అను జిగట ద్రవమును గాజుపలకపై పూసి ఆ లోపమును తొలగించెను. అయితే పలక తడియారకముందే చిత్రము తీసి కడుగవలెను. కావున ఛాయాగ్రాహకుడు గుడారమును, రసాయనపు సీసాలను వెంట మోయించుకొని తిరుగవలసివచ్చెను. 1871లో మాడక్స్ అను వైద్యుడు జెలటిను పూతతో పొడిపలకకు దారి చూపెను. 1888లో జార్జి ఈస్ట్‌మన్ కొడాక్ కెమెరాయు, మరుసటి యేట సెల్యులాయిడు ఫిలుమును వెలువడగా ఈ విద్య సామాన్యుల చేతికి వచ్చెను.

వన్నె వెలిసిన ప్రతులు

మాతృక కుదుటబడినది గాని ప్రతి కుదుటబడలేదు. తొలినాటి ప్రతులు కొలది యేండ్లలోనే పసుపెక్కి వెలిసిపోజొచ్చెను. 1855లో లండను ఫోటోగ్రాఫిక్ సొసైటీవారు దీని కారణములను విచారించుటకు ఒక సంఘమును నియమించిరి. విక్టోరియా రాణి భర్తయగు ఆల్బర్టు ఆ పరిశోధనకు 50 పౌనులు విరాళ మిచ్చెను. హైపోను చక్కగా కడిగివేయకపోవుట, గాలిలోని గంధకము, తేమ అను మూడింటిపై దోషము నిలిచెను.

అదే కాలమున ఫ్రాన్సులో పోయిటివాన్ వేరొక మార్గమును చూపెను. బొగ్గుపొడి కలిపిన జెలటినుకు ఒక లవణమును పట్టించినచో, వెలుగు సోకిన భాగము గట్టిపడి కాగితమును అంటియుండును. తక్కినది గోరువెచ్చని నీట కరగిపోవును. 1864లో ఇంగ్లండున జోసెఫ్ స్వాన్ దీనిని నలుగురికి ఉపయోగపడునట్లు తీర్చెను. అదియే కార్బను ప్రింటు. 1873లో విలియం విల్లిస్ ప్లాటినము ప్రింటునకు పేటెంటు పొందెను. ఈ రెండింటి ప్రతులు నేటికిని చెక్కుచెదరక యున్నవి. కార్బనును గాలి తినదు, వెలుగు తినదు. కాని కార్బను పద్ధతికి శ్రమ యెక్కువ, ప్లాటినమునకు ధర యెక్కువ. అందుచే చవుకయు సులభమునగు వెండి కాగితమే గెలిచెను. ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను. కథ చివరకు ఇక్కడికే తిరిగి వచ్చును.

మన దేశమున

భారతదేశమున ఈ విద్య ప్రభుత్వ కార్యాలయముల నీడలోనే పెరిగినదనుట అతిశయోక్తి కాదు. 1857, 1858 సంవత్సరములలో లిన్నీయస్ ట్రైప్ అను సైనికోద్యోగి మద్రాసు ప్రభుత్వపు ఛాయాగ్రాహకుడుగా మధుర, తంజావూరు మొదలగు పట్టణముల దేవాలయములను మైనము పట్టించిన కాగితపు నెగెటివులపై తీసెను. తంజావూరు బృహదీశ్వరాలయపు అడుగుగోడలపై గల శాసనములను 21 నెగెటివులలో పట్టి, ప్రతులను ఒకదాని కొకటి అతికి, సుమారు 19 అడుగుల పొడవుగల ఒకే చిత్రముగా కూర్చెను. నాటి నెగెటివులలో ఆకాశము తరచుగా బోసిపోయి కనబడుచుండెను. ట్రైప్ నెగెటివుపై రంగు పూసి మేఘములను కల్పించెను. శాసనము విషయమున అక్షరమైనను కదల్పనివాడు ఆకాశము విషయమున స్వతంత్రించెను! 1859లో గవర్నరుగా వచ్చిన ట్రెవెల్యన్ ఈ పని ఖర్చుతో కూడిన విలాసమని తలచి దానికి స్వస్తి చెప్పెను. ఖజానా లెక్కలు కళలకు అడ్డు తగులుట ఆనాడే మొదలైనదని ఉద్యోగవర్గమువారు చిరునవ్వుతో తలంచుకొనవచ్చును.

తెలుగునాటికి ఈ చరిత్రలో ప్రత్యేక స్థానము కల్పించినవాడు లాలా దీనదయాళ్. ఈయన 1844లో మీరటు సమీపమునగల సర్ధనాలో జన్మించెను. రూర్కీలోని థామ్సన్ కళాశాలలో ఇంజనీరింగు చదివి, 1866లో ఇందూరున మరామతు శాఖలో ఉద్యోగమున ప్రవేశించెను. కొలువు చేయుచునే కెమెరా పట్టెను. పిదప కొలువును వదలెను. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆయనను తన ఆస్థాన ఛాయాగ్రాహకునిగా నియమించి 'రాజా' బిరుదముతో గౌరవించెను. సికిందరాబాదులోను బొంబాయిలోను ఆయన స్టూడియోలు వెలసినవి. ఘోషా స్త్రీల కొఱకు 1892లో హైదరాబాదున ప్రత్యేక స్టూడియో నెలకొల్పి, దాని నిర్వహణమును ఒక ఆంగ్ల వనిత కప్పగించెను. 1905లో దీనదయాళ్ కన్నుమూసెను. ఆయన గాజు నెగెటివులలో 2,857 పలకలను 1989లో ఢిల్లీయందలి ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము సేకరించెను. రాజులు పోయిరి, దర్బారులు పోయినవి, గాజుపలకలు మిగిలినవి. చేయి జారిన పగిలిపోవు ఆ పలకలే నాటి హైదరాబాదు ముఖమునకు మాతృకలు.

స్వాతంత్ర్యానంతరము 1959లో సమాచార ప్రసార మంత్రిత్వశాఖ క్రింద ఫోటో డివిజను వేరు విభాగముగా ఏర్పడెను. ఫిలుము కొఱకు విదేశముల ముఖము చూడనక్కరలేకుండ చేయవలెనను సంకల్పముతో 1960లో ఉదకమండలమున హిందూస్థాన్ ఫోటో ఫిల్మ్స్ సంస్థ స్థాపితమై, 1967లో ఉత్పత్తి ప్రారంభించెను. దాని 'ఇందు' ముద్రగల ఫిలుము, కాగితము దేశమందలి స్టూడియో లన్నిటను వాడుకలోనికి వచ్చినవి. డిజిటలు కెమెరాల ప్రవాహమున ఆ సంస్థ నిలువలేకపోయెను. 2010 తరువాతి దశాబ్దములో దాని పనులు ఆగిపోయినవి.

చీకటిగది విద్య

వెండి కాగితపు యుగమున ముద్రణమనగా చీకటిగదిలోని తపస్సు. నెగెటివునుండి ప్రసరించు వెలుగును ఎన్‌లార్జరు కటకము కాగితముపై పరచును. కొన్ని క్షణములకు దీపము ఆర్పి, కాగితమును పళ్ళెములోని ద్రావకమున ముంచగా ఎర్రదీపపు మసకలో ముఖము మెల్లగా తేలివచ్చును. ముఖము మరీ నల్లబడునట్లున్న వెలుగుకు చేతిని అడ్డుపెట్టి నీడ కల్పింతురు. ఆకాశము వెలవెలబోవునట్లున్న అచ్చట మాత్రము మరికొంత వెలుగు పోయుదురు. ఒకే నెగెటివును ఇద్దరు ముద్రించిన రెండు చిత్రము లగును.

అమెరికా దేశీయుడగు ఆన్సెల్ ఆడమ్స్ మొదట పియానో విద్వాంసుడు కాదలచినవాడు. నెగెటివు సంగీతకృతి వంటిదనియు, ప్రింటు దాని గానము వంటిదనియు ఆయన పోల్చెను. 1941లో న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ గ్రామముపై ఉదయించు చంద్రుని ఆయన చిత్రించెను. ఆ ఒక్క నెగెటివునుండి జీవితకాలమున వేయికిపైగా ప్రతులు తీసెను. తొలి ప్రతులలో ఆకాశము బూడిదవన్నె మేఘములతో నుండును. చివరి ప్రతులలో కాటుకవలె నల్లనిది. మాతృక ఒక్కటే, పాఠభేదములు వేయి! అందేది సరియైన పాఠమని యడిగిన అన్నియు ఆయన పాఠములే. 1984లో మరణించిన ఆడమ్స్, రాబోవు కాలము ఎలక్ట్రానిక్ చిత్రములదని ముందుగానే ఊహించి దానిని స్వాగతించెను.

సిరాచుక్క

నీటిధార చుక్కలుగా విడిపోవు తీరును 1878లో లార్డు రాలే అను భౌతికశాస్త్రజ్ఞుడు గణితముతో వివరించెను. 1951లో స్వీడను దేశీయుడగు ఎల్మ్‌క్విస్ట్, గుండె కదలికలు మొదలగువానిని కాగితముపై గీయుటకు సిరాధారను వాడు యంత్రమునకు అమెరికా పేటెంటు పొందెను. 1977లో జపానులోని కానన్ ప్రయోగశాలలో సిరా నింపిన సిరంజి సూదికి వేడి సాల్డరింగు కడ్డీ పొరపాటున తగిలి సిరా చిందెను. ఆ చిందిన చుక్కయే వేడిమితో సిరాను చిమ్ము ముద్రణయంత్రమునకు మూలమయ్యెను. ఎప్సన్ సంస్థ వేడిమికి బదులు, విద్యుత్తు సోకినపుడు వంగు స్ఫటికములతో సిరాను నెట్టు విధానమును అభివృద్ధి చేసెను. ఇట్టి యంత్రములు చిమ్ము చుక్క మూడు నాలుగు పికోలీటరులు మాత్రమే. పికోలీటరనగా లీటరులో లక్షకోట్లవ భాగము.

ఈ యంత్రములు మొదట ఉత్తరములు, లెక్కలు అచ్చువేయుటకు పుట్టినవే గాని చిత్రకళకు కాదు. ఐరిస్ అను పెద్దయంత్రము సైతము అచ్చాఫీసులలో రంగు నమూనాలు చూచుకొనుటకు ఉద్దేశింపబడినది. సంగీతకారుడును ఛాయాగ్రాహకుడునగు గ్రాహమ్ నాష్ అట్టి యంత్రమును 1,26,000 డాలరులకు కొని, మాక్ హోల్బర్ట్ అను మిత్రునితో కలసి, దళసరి చిత్రకళా కాగితము పట్టునట్లు దానిని సవరించెను. 1991లో కాలిఫోర్నియాలో వారు నెలకొల్పిన నాష్ ఎడిషన్స్ ఈ రంగమున మొదటి ముద్రణాలయములలో నొకటి. చిత్రములు మనోహరముగా వచ్చెను. కాని నాటి సిరాలు నీట కరగు రంగులు. కొలది యేండ్లలోనే వెలిసిపోజొచ్చెను. 1855 నాటి లండను సంఘపు సమస్యయే మరల తలయెత్తెను!

నల్లసిరాల కథ

వెలియుటకు తోడు మరియొక చిక్కు కలిగెను. రంగుల యంత్రము బూడిదవన్నెను నీలము, ఎరుపు, పసుపు సిరాల మిశ్రమముతో కల్పించును. ఆ పాళ్ళు రవంత తప్పిన చాలు, తెల్లని గోడ పచ్చబారును, నీడలు ఊదాబారును. పగటివెలుగున సరిగా కనబడిన చిత్రము దీపపువెలుగున వేరువన్నె తాల్చును. నల్లసిరా ఒక్కటే వాడుదమన్న, బుగ్గలమీది లేతనీడలలో చుక్కలు ఇసుక చల్లినట్లు కనబడును. నలుపు తెలుపు చిత్రము పేదదని, సులభమని తలచువారు పొరబడుచున్నారు. రంగుల చిత్రములో కన్ను క్షమించు దోషమును బూడిదవన్నెలో క్షమింపదు.

దీనికి దొరకిన పరిష్కారము చిత్రకారులకు చిరపరిచితమే. సిరాలో నీరు కలిపి పలుచన చేసికొనుట! నలుపు, ముదురు బూడిద, లేత బూడిద అని సిరాలను మెట్లుగా సిద్ధముచేసి, ఒక్కొక్క నీడకు తగిన మెట్టును వాడిన చుక్కలు కంటికి అందవు. అమెరికాలో జాన్ కోన్ 2000వ సంవత్సరమున పీజోగ్రఫీ అను పేరుతో ఇట్టి నల్లసిరాల పద్ధతిని వెలువరించెను. సామాన్య ముద్రణయంత్రములోని రంగుసిరాలను తీసివేసి, ఆ స్థానమున బూడిదవన్నె సిరాలను నింపుట దాని మర్మము. 2005లో ఎప్సన్ సంస్థ మూడు నల్లసిరాలు గల యంత్రములను విపణిలోనికి తెచ్చెను. ఇతర సంస్థలును ఆ దారినే నడచినవి.

ఇందలి ముఖ్యమైన సంగతి సిరా స్వభావము. ఈ క్రొత్త సిరాలు నీట కరగు రంగులు కావు. అతి సూక్ష్మముగా నూరిన వర్ణద్రవ్యములు. నల్లసిరాలోని వర్ణద్రవ్యము కార్బను. శుద్ధమైన కార్బనును పలుచగా పరచిన కొంత గోధుమవన్నె తాల్చును. దానిని సరిచేయుటకు రవంత నీలపు ద్రవ్యము కలుపుదురు. కాలము గడచిన కొలది ముందుగా వెలియునది ఆ కలిపిన రంగే, కార్బను కాదు. పోయిటివాన్, స్వాన్ మహాశయులు శ్రమపడి సాధించిన కార్బను ప్రింటే, నూరేండ్లకు పైగా గడచిన పిదప, సిరాచుక్క రూపమున మరల వచ్చినదని చెప్పవచ్చును.

నేటి ముద్రణ విధానము

ఉత్తమమైన ప్రతికి మొదటి మెట్టు నెగెటివును శుభ్రపరచుట. మెత్తని కుంచెతో, గాలితో దుమ్ము దులుపవలెను, తడిగుడ్డ తగులరాదు. పిదప స్కానరు దానిని చుక్కచుక్కగా చదువును. 24 మిల్లీమీటరుల వెడల్పు, 36 మిల్లీమీటరుల పొడవుగల సామాన్యపు ఫిలుమును అంగుళమునకు 4,000 చుక్కల చొప్పున చదివిన సుమారు 2 కోట్ల 14 లక్షల చుక్కలగును. అంగుళమునకు 360 చుక్కల చొప్పున అచ్చువేసిన, 10½ అంగుళముల వెడల్పు, 15¾ అంగుళముల పొడవుగల చిత్రము వచ్చును. ఒక్కొక్క చుక్కకు 256 మెట్లు మాత్రమే గల ఛాయలు నమోదు చేసినచో, పిదప వెలుగునీడలను సవరించునపుడు ఆకాశము చారలు చారలుగా విరుగును. కావున 65,536 మెట్లుగల పద్ధతినే నిపుణులు వాడుదురు.

రంగుఫిలుముపై దుమ్మును పరారుణ కిరణములతో కనిపెట్టి తొలగించు సౌకర్యము స్కానరులలో కలదు. వెండితో నిర్మితమైన నలుపు తెలుపు ఫిలుమునకు అది పనికిరాదు; వెండి ఆ కిరణములను అడ్డగించును గనుక యంత్రము చిత్రమునే దుమ్ముగా భ్రమించును. అందుచే దుమ్ముచుక్కలను కంటితో చూచి, ఓర్పుతో ఒక్కొక్కటిగా దిద్దవలెను. చీకటిగదిలో చేతిని అడ్డుపెట్టిన పని యిక్కడను తప్పదు. స్థలము మారినది గాని కన్ను మారలేదు.

కాగితమునందు రెండు తెగలు ముఖ్యములు. ప్రత్తినారతో చేసిన నునుపులేని కాగితముపై నలుపు మెత్తగా, మసివలె నిలుచును. బేరియము సల్ఫేటు పూతగల కాగితముపై నలుపు లోతుగా, పాతకాలపు స్టూడియో ప్రింటువలె నిగనిగలాడును. ముందుగా చిన్నముక్కపై అచ్చువేసి, ఒకరాత్రి ఆరనిచ్చి, పగటివెలుగున చూచినపిదపనే పెద్దప్రతికి పూనుకొనుట మేలు. అద్దము ప్రతికి తగులకుండ చట్రము కట్టవలెను.

ఇట్టి ప్రతులు నూరేండ్లకు మించి నిలుచునని వేగపరీక్షలు తెలుపుచున్నవి. పరీక్ష పరీక్షయే గాని నూరేండ్లు కాదు. ఈ సిరాల వయస్సు పట్టుమని మూడు దశాబ్దములు లేదు. కాలము తీర్పు చెప్పువరకు మాతృకను పారవేయరాదను హితవు ఇందుండియే కలుగుచున్నది.

మాతృకను కాపాడుట

కంప్యూటరులోనికి ఎక్కినదిగదా యని నెగెటివును చెత్తబుట్టలో వేయువారు కలరు. ఇది నకలు వ్రాసికొని తాళపత్రమును పొయ్యిలో పెట్టుటవంటిది. స్కాను చేసినది మాతృక కాదు; అదియు ఒక ప్రతియే. నేటి స్కానరు పట్టలేని నీడను రేపటి స్కానరు పట్టవచ్చును. నెగెటివులను ప్లాస్టికు సంచులలో గాక కాగితపు కవరులలో, చల్లని పొడిచోట ఉంచవలెను. పులిసిన వాసన వేసిన ఫిలుము శిథిలమగుచున్నదని గ్రహించి, దానిని వేరుచేసి ముందుగా స్కాను చేయవలెను. 1950కి ముందరి నైట్రేటు ఫిలుము సులభముగా అంటుకొనునది. దానిని నిప్పు దరిజేరనీయరాదు. కవరుపై ఎవరు, ఎచ్చట, ఏ సంవత్సరము అను మూడు మాటలు పెన్సిలుతో వ్రాయుట మరువరాదు. పేరులేని ముఖము రెండవ తరమునకే అపరిచితమగును.

ప్రతి తీయువాని ధర్మము వేరొకటి కలదు. కంప్యూటరులో నాయనమ్మ ముడుతలను ఒక క్షణమున చెరిపివేయవచ్చును, చామనచాయను తెల్లబరచవచ్చును, గోడమీది పగులును, పాదములక్రింది చిరుగుచాపను మాయముచేయవచ్చును. దుమ్మును దులుపుట పరిష్కరణము. ముడుతను చెరుపుట ప్రక్షిప్తము. ఈ రెంటి నడుమనున్న గీతను యంత్రము గీయలేదు. ఆ చిరుగుచాపమీద కూర్చుండియే ఆ తరమువారు పిల్లలను చదివించిరి. ఆ చాపను తొలగించిన చిత్రము అందముగా నుండవచ్చును గాని వారిది కాదు.

మన పూర్వులు తాటియాకుపై గంటముతో అక్షరములను గీరి, పిదప మసి పూసి తుడిచెడివారు. గీరినచోట మసి నిలిచి అక్షరము కంటికి కనబడెడిది. తంజావూరు సరస్వతీమహలులోను, మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారములోను ఉన్న తెలుగు తాళపత్రములు ఆ మసితోనే నేటికిని చదువ వీలగుచున్నవి. నేటి ఉత్తమ ఛాయాచిత్ర ముద్రణమునకు ఆధారము మరల ఆ మసియే. ట్రంకుపెట్టె తెరచి, కవరులను దులిపి, ఇంటి పెద్దలు బ్రతికియుండగనే వారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని పేరులు అడిగి వ్రాసికొని, ఏడాదికి నాలుగు చిత్రములనైనను చక్కని కాగితముపై నిలుపుకొన్న కుటుంబము తన చరిత్రకు తానే మంచి లేఖకుని సంపాదించుకొన్నదగును.